పని చేసే ఒంటికి ఎన్ని లెక్కలో!

శంషాబాద్ విమానాశ్రయానికి మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. విమానం ఎక్కకపోయినా, దుబాయి వెళ్ళే మామయ్యను సాగనంపడానికో, అమెరికానుంచి వచ్చే అక్కను తీసుకురావడానికో వెళ్ళి ఉంటారు. 2008 మార్చిలో బేగంపేటనుంచి విమానాలన్నీ అక్కడికి మారాయి. అక్కడ పగలూ రాత్రీ అనే తేడా కనిపించదు. గల్ఫ్ దేశాలకు పోయే విమానాలు చాలా అర్ధరాత్రి దాటాకే లేస్తాయి. రాత్రి రెండింటికి కూడా టీ కొట్టు దగ్గర పట్టపగల్లాగే జనం ఉంటారు.

అక్కడ మీరేం చూశారు? విమానాలు చూశారు. ఇంకా వివరం తెలిసినవాళ్ళయితే 4,260 మీటర్ల పొడవున్న రన్‌వే గురించి పక్కవాళ్ళకు చెప్పి ఉంటారు. మరి విమానం పొట్టలోకి పెట్టెలు ఎక్కించే మనిషిని చూశారా? వెలుగు కర్రలు రెండు చేతుల్లో పట్టుకుని విమానానికి దారి చూపించే మనిషిని? తెల్లవారుజామున నాలుగింటికి కౌంటర్లో కూర్చుని ఆవులింత ఆపుకుంటున్న అమ్మాయిని?

విమానానికి ఒక లెక్క ఉంది. ఇన్ని గంటలు ఎగిరాక ఈ మర విప్పి చూడాలి, ఇన్నిసార్లు దిగాక ఈ చక్రం మార్చాలి అని పుస్తకాల్లో రాసి పెడతారు. దాన్ని తప్పితే విమానాన్ని లేవనివ్వరు. మనిషికి విడిభాగాలు దొరకవు కదా! ఇరవై ఏళ్ళకు పనిలో చేరినవాడు అరవై దాకా అదే నడుముతో, అవే చెవులతో, అదే గుండెతో నెట్టుకు రావాలి. మరి ఆ నడుముకి లెక్క ఏదైనా ఉందా?

ఉంది. దాన్ని కట్టడానికి శాస్త్రజ్ఞులు మూడు వందల ఏళ్ళకు పైగా తంటాలు పడుతున్నారు. 1700లో ఇటలీలో బెర్నార్డినో రామజ్జీని అనే వైద్యుడు పనివాళ్ళ జబ్బుల మీద ఒక గ్రంథం అచ్చువేశాడు. తన ఇంటి మరుగుదొడ్డి గొయ్యి శుభ్రం చేస్తున్న మనిషి ఎంతో హడావుడిగా పనిచేయడం చూసి, ఎందుకలా అని ఆరా తీయడంతో ఆయనకు ఈ ఆలోచన పుట్టింది. వైద్యుడు రోగిని అడిగే ప్రశ్నల్లో ‘నువ్వు ఏం పని చేస్తావు?’ అనేది కూడా ఉండాలన్నాడు ఆయన. మన దేశంలో ఈ పరిశోధన కోసమే 1966లో అహమ్మదాబాదులో ఒక సంస్థ పెట్టారు. దాని ఇప్పటి పేరు జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ.

నడుము ఒక తులాదండం

మొదట పెట్టె సంగతి చూద్దాం. మీ పుస్తకంలో తులాదండం పాఠం ఉంది. భారం ఇంటూ దాని దూరం, యత్నం ఇంటూ దాని దూరం సమానం కావాలి. ఈ పాఠం గునపానికీ కత్తెరకీ మాత్రమే అనుకోకండి. మీ నడుమే ఒక తులాదండం. నడుము దగ్గర ఉన్న అయిదు వెన్నుపూసల్లో అన్నిటికన్నా కింది పూస అడుగున మెత్తని బిళ్ళ ఒకటి ఉంటుంది. దాన్నే డిస్కు అంటారు. అదే ఆధార బిందువు. ముందు వైపు పెట్టె బరువు కిందికి లాగుతుంది. వెనక వైపు వెన్ను కండరాలు దానికి ఎదురు లాగుతాయి. చిక్కేమిటంటే ఆ కండరాలు డిస్కుకి సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నాయి. పెట్టె మాత్రం ఎంతో దూరాన ఉంటుంది.

కాగితం తీసుకోండి. 20 కిలోల పెట్టెను చేతులు చాచి పట్టుకున్నారు. అది డిస్కునుంచి 40 సెంటీమీటర్ల దూరాన ఉందనుకుందాం. 20 ఇంటూ 40, అంటే 800. వంగినప్పుడు మీ ఒంటి పైభాగం కూడా ముందుకు వస్తుంది. తలా, చేతులూ, ఛాతీ కలిసి 35 కిలోలు, ఆ బరువు 20 సెంటీమీటర్లు ముందుకు వాలిందనుకుంటే ఇంకో 700. మొత్తం 1,500. దీన్ని 5 సెంటీమీటర్లతో భాగించండి. 300 వచ్చిందా? ఇరవై కిలోల పెట్టెను ఎత్తడానికి వెన్ను కండరాలు 300 కిలోల బలంతో లాగాలి! ఆ లాగుడంతా డిస్కు మీద నొక్కుడుగా పడుతుంది. దానికి ఒంటి బరువూ పెట్టె బరువూ కొంత తోడవుతాయి.

ఇప్పుడు మోకాళ్ళు వంచి, నడుము నిటారుగా ఉంచి, పెట్టెను పొట్టకు దగ్గరగా తెచ్చుకోండి. పెట్టె దూరం 20 సెంటీమీటర్లు, ఒంటి వాలు 8 సెంటీమీటర్లు అనుకుందాం. 400, 280 కలిపితే 680. భాగిస్తే 136. పెట్టె అదే, మనిషీ అతడే. పట్టుకున్న తీరు మార్చేసరికి భారం సగానికన్నా తగ్గింది.

ఇదంతా కాగితం మీది లెక్కేనా అని మీకు అనుమానం రావచ్చు. 1960లలో స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ మనుషుల డిస్కుల్లోకి సన్నని సూది పంపి లోపలి పీడనాన్ని నేరుగా కొలిచాడు. అందుకు ఒప్పుకున్నవాళ్ళ ధైర్యానికి నమస్కారం పెట్టాలి. వంగి బరువెత్తినప్పుడు ఆ పీడనం మామూలుగా నిలబడ్డప్పటికన్నా కొన్ని రెట్లు పెరుగుతుందని తేలింది. అమెరికాలోని జాతీయ వృత్తి భద్రతా ఆరోగ్య సంస్థ ఇలాంటి కొలతలన్నీ పోగుచేసి, డిస్కు మీద నొక్కుడు 3,400 న్యూటన్లు దాటితే నడుముకి ముప్పు పెరుగుతుందని గీత గీసింది. మన తూకంలో చెప్పాలంటే సుమారు 350 కిలోలు. పైన మనం వేసిన మొదటి లెక్క ఆ గీత అంచుకి వచ్చేసింది చూశారా?

ఆ సంస్థే 1991లో ఇంకో సూత్రం తయారుచేసింది. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, అంటే బరువు ఒంటికి దగ్గరగా, నడుము ఎత్తులో, పక్కకు తిరిగే పని లేకుండా, ఎప్పుడో ఒకసారి ఎత్తేటప్పుడు, హద్దు 23 కిలోలు. ఒక్కొక్క అనుకూలం పోయినకొద్దీ ఒక్కొక్క భిన్నంతో గుణించుకుంటూ పోవాలి. పెట్టె 50 సెంటీమీటర్ల దూరాన ఉంటే సగం. అది పట్టుకుని నడుమును 90 డిగ్రీలు తిప్పితే 0.71. ఈ రెండింటితో గుణిస్తే 23 కిలోలు కాస్తా 8 కిలోల చిల్లరకి దిగుతాయి. ఇక నిమిషానికి నాలుగైదు పెట్టెలు ఎత్తాలంటే అదీ మిగలదు.

ఇప్పుడు విమానం పొట్టలోకి వెళదాం. ఇక్కడినుంచి ఢిల్లీకో బొంబాయికో పోయే మామూలు రకం విమానంలో సామాను అర ఎత్తు సుమారు 120 సెంటీమీటర్లు. మీరు ఎనిమిదో తరగతి చదువుతున్నా అందులో నిలబడలేరు. లోడరు మోకాళ్ళ మీద కూర్చుని, బెల్టు మీద వచ్చే పెట్టెను చేతులు చాచి అందుకుని, పక్కకు తిరిగి, వెనక్కి నెట్టి పేర్చాలి. విమానానికి 100 పెట్టెలు, సగటున 15 కిలోలు అనుకోండి. అంటే ఒకటిన్నర టన్ను. ఇద్దరు పంచుకున్నా ఒక్కొక్కరికి 750 కిలోలు. షిఫ్టులో అలాంటి విమానాలు ఎన్ని వస్తాయో ఊహించుకోండి.

‘మోకాళ్ళు వంచి ఎత్తండి, నడుము వంచకండి’ అని గోడమీద బొమ్మ అంటించడం తేలికే. నిలబడడానికే చోటు లేనివాడికి ఆ బొమ్మ ఎందుకు పనికొస్తుంది? నా మట్టుకు నాకు ఈ పరిశోధనలన్నిటిలో ముఖ్యమైన మాట ఇదే అనిపిస్తుంది: మనిషికి బుద్ధి చెప్పడం కన్నా పని అమరికను మార్చడం ఎక్కువ ఫలితం ఇస్తుంది. బెల్టు చివర వంగే రోలర్లు తగిలించి సామానును అర లోపలిదాకా తీసుకుపోయే యంత్రాలు వచ్చాయి. గాలి పీల్చే గొట్టంతో పెట్టెను పట్టి ఎత్తే పరికరాలు కూడా వచ్చాయి. విమాన సంస్థలు ఒక్క పెట్టె 32 కిలోలు దాటితే సామానుగా తీసుకోకపోవడం కూడా మోసేవాడి నడుము కోసమే. ఈసారి మామయ్య పెట్టెలో ఆవకాయ జాడీ తీసి ఇంకో పెట్టెలో సర్దమన్నప్పుడు విసుక్కోకండి.

డిస్కు సంగతి ఇంకొకటి చెప్పాలి. పెద్దవాళ్ళ డిస్కు లోపలికి రక్తనాళాలు పోవు. నొప్పిని తెలిపే నరాలు పై అంచులోనే తప్ప నడుమ ఉండవు. అందుకని లోపల అరుగుతున్నా ఏళ్ళతరబడి తెలియదు. తెలిసేసరికి నలభై అయిదేళ్ళు వస్తాయి.

చెవి కథ కూడా ఇలాంటిదే

లోపలి చెవిలో నత్తగుల్లలాంటి గదిలో సన్నని రోమాలున్న కణాలు సుమారు 15,000 ఉంటాయి. శబ్దాన్ని నరానికి అందించేవి అవే. పెద్ద మోత వాటిని విరిచేస్తుంది. కోడిపిల్లకు అవి మళ్ళీ మొలుస్తాయి, మనకు మొలవవు! మన కర్మాగారాల నిబంధనల్లో 90 డెసిబెళ్ళ మోతలో రోజుకు ఎనిమిది గంటలకు మించి ఉండకూడదని రాసుకున్నారు. ఆపైన ప్రతి 5 డెసిబెళ్ళకూ కాలం సగమవుతుంది. 95కి నాలుగు గంటలు, 100కి రెండు గంటలు, ఇలా 115కి వచ్చేసరికి పావుగంట. ఆ పైన క్షణమైనా చెవులు కప్పుకోకుండా ఉండరాదు. లేచిపోతున్న జెట్ విమానం దగ్గర మోత 120 దాటుతుంది. విమానాల దగ్గర తిరిగేవాళ్ళ చెవులకు ఆ పెద్ద డిప్పలు ఎందుకో తెలిసింది కదా!

కోడి కూసే ముందు

ఇక అన్నిటికన్నా చిక్కు లెక్క రాత్రిది.

అత్తిపత్తి మొక్క తెలుసుగా? రాత్రి ఆకులు ముడుచుకుంటుంది, పగలు విప్పుకుంటుంది. 1729లో ఫ్రాన్సులో దె మెరాన్ అనే ఆయన ఆ రకం మొక్కను చీకటి గదిలో పెట్టాడు. చీకట్లోనూ అది వేళకు ఆకులు విప్పుకుంది. అంటే ఎండను చూసి కాదు, దాని లోపలే ఏదో గడియారం ఉందన్నమాట. అలాంటి గడియారం మనకూ ఉంది. మెదడు అడుగున, కంటినరాలు కలుసుకునే చోటికి కాస్త పైన, సుమారు 20,000 కణాల ముద్ద అది. చీకటి పడగానే మెలటోనిన్ అనే రసాయనాన్ని వదిలిస్తుంది. తెల్లవారుజామున నాలుగైదు గంటలకు ఒంటి వేడిని అన్నిటికన్నా తక్కువకు దింపుతుంది. కోడి కూసే ముందు వచ్చే ఆ మత్తు సోమరితనం కాదు. ఈ గడియారం కణంలో ఎలా ఆడుతుందో కనిపెట్టిన ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

‘అలవాటైపోతుందిలే’ అంటారు పెద్దవాళ్ళు. నిజంగా అవుతుందా? 1938లో అమెరికాలో క్లైట్‌మన్ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన శిష్యుడూ ఒక లోతైన గుహలో 32 రోజులు ఉండి, రోజుకు 28 గంటలు అనుకుని బతికి చూశారు. ఇరవైల్లో ఉన్న శిష్యుడు ఆ రోజుకు అలవాటు పడ్డాడు. నలభై దాటిన గురువుగారికి అది సాధ్యం కాలేదు. ఆయన ఒళ్ళు 24 గంటల లెక్కనే వేడెక్కుతూ చల్లబడుతూ వచ్చింది.

గుహలో ఎండ లేదు. శంషాబాద్‌లో రాత్రి డ్యూటీ దిగినవాడికి అదీ ఉంది. ఎక్స్‌ప్రెస్ వే మీద ఇంటికి పోతుంటే పొద్దుటి వెలుగు కళ్ళల్లో పడి ‘తెల్లవారింది, లే!’ అని లోపలి గడియారానికి చెబుతుంది. అందువల్ల ఏళ్ళతరబడి రాత్రిళ్ళు పనిచేసినా గడియారం పూర్తిగా తిరగబడేది చాలా కొద్దిమందికే. ఇంటికి చేరాక కుక్కరు ఈలలు, కూరలబండి కేకలు, వీధిలో పిల్లల ఆటలు. పగటి నిద్ర రాత్రి నిద్రకన్నా గంటల లెక్కన తగ్గుతుంది. ఆడవాళ్ళయితే ఇంటిపని కూడా ముగించుకుని పడుకోవాలి. అర్ధరాత్రి తిన్న అన్నంలోని చక్కెరను ఒళ్ళు పగటిలాగా సర్దుకోలేదు. ఇదంతా పోగుపడి గుండెజబ్బుకీ మధుమేహానికీ దారితీస్తుందని ఎన్నో దేశాల్లో చేసిన పరిశీలనలు చెబుతున్నాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనూ, మళ్ళీ 2019లోనూ రాత్రి షిఫ్టును ‘బహుశా క్యాన్సర్ కలిగించేది’ అనే జాబితాలో చేర్చింది. మీ నాన్నో అమ్మో రాత్రి డ్యూటీ చేస్తుంటే హడలిపోకండి. ఆ జాబితా ఋజువు ఎంత గట్టిగా ఉందో చెబుతుంది. ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు.

రాత్రి పని తప్పనప్పుడు ఏం చెయ్యాలి? 1982లో ప్రచురించిన ఒక పరిశోధన చక్కటి దారి చూపింది. అమెరికాలో యూటా రాష్ట్రంలోని ఒక ఖనిజాల కర్మాగారంలో షిఫ్టులు వారం వారం వెనక్కి మారేవి. అంటే రాత్రి తరవాత సాయంత్రం, సాయంత్రం తరవాత పగలు. చార్లెస్ జైస్లర్ బృందం దాన్ని తిరగేసి పగలు, సాయంత్రం, రాత్రి అనే వరసలో ముందుకు జరిపింది. వారానికి బదులు మూడు వారాలకోసారి మార్చింది. పనివాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు, ఉత్పత్తి కూడా పెరిగింది. కారణం చిన్నదే. మన లోపలి గడియారం 24 గంటలకన్నా కొంచెం మెల్లిగా నడుస్తుంది. అందుకని ఆలస్యంగా పడుకోవడం సులువు, పెందరాళే పడుకోవడం కష్టం. వేసవి సెలవుల్లో మీ నిద్రవేళ ఎటు జరుగుతుందో మీకే తెలుసు!

పైలట్ల విషయంలో మన దేశం ఈ లెక్కను నిబంధనల్లోకి ఎక్కించింది. 2024 జనవరిలో ప్రకటించిన నియమాల ప్రకారం వారానికి 36 గంటలుండే విశ్రాంతి 48 గంటలకు పెరిగింది. రాత్రివేళ విమానం దింపే సార్లు ఆరునుంచి రెండుకు తగ్గాయి. అవి పూర్తిగా అమలుకు వచ్చాక, తగినంతమంది పైలట్లను ముందుగా సిద్ధం చేసుకోకపోవడంతో, 2025 డిసెంబరు మొదటివారంలో దేశమంతటా విమానాలు వేలలెక్కన రద్దయ్యాయి. శంషాబాద్‌లో జనం నేలమీద పడుకోవలసి వచ్చింది. ఆ నియమాల్లో కొన్నిటిని కొంతకాలం సడలించారు కూడా. మనిషి నిద్రను లెక్కలో వేసుకోవాలంటే మనుషులు ఎక్కువమంది కావాలి. పైలటు అలసిపోతే ప్రమాదం ఆ క్షణాన్నే కళ్ళకు కడుతుంది కాబట్టి అతడి నిద్రకు ఈ మాత్రం లెక్కయినా వచ్చింది. లోడరు అలసటకు అంత తొందరగా ఎవరికీ లెక్క అవసరమనిపించదు.

ఉన్నవాళ్ళనే అడిగితే చాలదు

మీరిప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకుని శంషాబాద్ వెళ్ళి, లోడర్లందరినీ ‘నడుం నొప్పి ఉందా?’ అని అడిగారనుకోండి. చాలామంది లేదన్నారు. అయితే ఆ పని మంచిదేనా? తొందరపడకండి. నడుము పోయినవాళ్ళు ఎప్పుడో మానేసి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు తట్టుకోగలిగినవాళ్ళు. శాస్త్రజ్ఞులు కూడా ఈ ఉచ్చులో పడుతుంటారు. 1953లో లండన్‌లో జెరెమీ మోరిస్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించాడు. కూర్చుని నడిపే డ్రైవర్లకన్నా, రోజంతా మెట్లు ఎక్కిదిగే కండక్టర్లకు గుండెపోట్లు తక్కువని తేలింది. భలే ఫలితం! కాని ఆయన అక్కడితో ఆగలేదు. వాళ్ళ యూనిఫాం కొలతల చిట్టాలు వెతికి తీశాడు. డ్రైవర్ల నడుము కొలత పనిలో చేరిన కొత్తల్లోనే ఎక్కువని తెలిసింది. పని మనిషిని మారుస్తుంది, మనిషి తగిన పనిని వెతుక్కుంటాడు. ఈ రెండింటినీ విడదీయాలంటే ఒకే మనుషులను ఏళ్ళతరబడి వెంబడించాలి.

ఫిన్లండ్‌లో అలాగే చేశారు. 1981లో నలభై అయిదు దాటిన పురపాలక ఉద్యోగులను వేలమందిని ఎంచుకుని పదకొండేళ్ళు, ఆ తరవాత కూడా, కనిపెట్టి చూశారు. వాళ్ళనడిగిన ప్రశ్నల్లో ఒకటి ఇది: ‘మీ జీవితంలో అన్నిటికన్నా బాగా పనిచేసిన రోజులకు పది మార్కులైతే, ఇవాళ మీకు మీరు ఎన్ని వేసుకుంటారు?’ కొందరికి మార్కులు తగ్గాయి, కొందరికి వయసుతోపాటు పెరిగాయి! పెరిగినవాళ్ళలో మూడు సంగతులు కనిపించాయి. చేసిందే చేసే కదలికలు తగ్గాయి. తీరిక వేళల్లో వ్యాయామం పెరిగింది. మూడోది, పైఅధికారి ప్రవర్తన మెరుగుపడింది. నడుముకీ పైఅధికారి మాటతీరుకీ సంబంధం ఉంటుందని మొదట ఎవరనుకుంటారు?

ఇలా వెంబడించే పని మన దగ్గరా జరిగింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 1977లో ఒక పరిశోధన ప్రచురించారు. డిటొనేటర్ ఫ్యూజులు చేసే కార్మికుల్లో, మంచి ఎత్తూ బరువూ ఉన్నవాళ్ళు ఎక్కువ పని చేయగలుగుతున్నారని అందులో తేలింది. ఎత్తు పెరిగేది చిన్నతనంలోనే కదా. అంటే నలభయ్యో ఏట చేసే పనికి పునాది పలక పట్టకముందే పడుతుందన్నమాట.

అదే సంస్థ 1987నుంచి 1990 వరకు రంగారెడ్డి జిల్లాలో 29 గ్రామాల్లో ఇంకో ప్రయత్నం చేసింది. శంషాబాద్ ఉన్నది కూడా ఆ జిల్లాలోనే. సగం ఊళ్ళలో గర్భిణులకూ, ఆరేళ్ళలోపు పిల్లలకూ రోజూ అదనపు ఆహారం పెట్టారు. మొక్కజొన్న, సోయాపిండితో చేసిన ఉప్మా అది. మిగతా ఊళ్ళకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలు పదమూడు పద్ధెనిమిదేళ్ళ మధ్యకు వచ్చాక, అంటే మీ వయసులో, 2003 తరవాత మళ్ళీ వెళ్ళి కొలిచారు. ఉప్మా తిన్న ఊళ్ళ పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. రక్తనాళాలు బిరుసెక్కకుండా ఉన్నాయి. 14 మిల్లీమీటర్లంటే మీ చిటికెనవేలి గోరంత ఉంటుందేమో. ఆ పిల్లల్లో చాలామందికి ఇప్పుడు ముప్ఫై అయిదు దాటాయి. వాళ్ళంతా పనుల్లో ఉన్నారు. పరిశోధకులు ఆ తరవాతా ఆ ఊళ్ళకు వెళ్ళి వాళ్ళ ఎముకల గట్టిదనం, పిడికిటి బిగువు, ఊపిరి పట్టే శక్తి కొలిచి రాసుకున్నారు.